మొరాయించిన బండి దగ్గర మా మావ

మా మావ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను సంతబొమ్మాళి దగ్గర నా పికప్‌లోకి కొబ్బరికాయల లోడు ఎత్తిస్తున్నాను. అత్త ఫోన్ చేసింది. ఏడవలేదు. "మీ మావ నెగనేదురా. టీ ఎట్టుకెళ్లి లేపితే పలకలేదు" అంది. మళ్లీ తనే, "తొందరపడి తోలకు, మెల్లగా రా" అంది. సగం లోడుతో బయలుదేరలేక, కూలీలని ఆగమనలేక, కాయలన్నీ ఎక్కేదాకా ఆ తోట గట్టు మీదే కూర్చున్నాను. ఇలాంటి రోజు వస్తుందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆయన మా అమ్మకి అన్న. కాశీబుగ్గలో రోడ్డు పక్కన రేకుల షెడ్డులో డీజిల్ బళ్లు బాగుచేసేవాడు. ఉద్దానంలో జీడిపిక్కలు, కొబ్బరి, చేపలు మోసే పికప్ బళ్లలో ఆయన చెయ్యి పడనివి తక్కువ. పొద్దున్నే స్టార్టవక ఏడిపించే బళ్లయితే తప్పకుండా ఆయన దగ్గరికే వచ్చేవి. కొన్నిటిని జనం తోసుకొచ్చేవారు, కొన్నిటిని ఇంకో బండికి తాడు కట్టి లాక్కొచ్చేవారు.

బండి రాగానే ఆయన బానెట్ ఎత్తేవాడు కాదు. ముందు డ్రైవర్ని కూర్చోబెట్టి టీ ఇప్పించేవాడు. తర్వాత అడిగేవాడు. రాత్రంతా ఆగాక మొరాయిస్తోందా, కాసేపు తోలి వేడెక్కాక కూడానా? తాళం తిప్పితే సెల్ఫ్ మోటారు గట్టిగా తిరుగుతోందా, మూలుగుతోందా? తిప్పినప్పుడు వెనక పొగ వస్తోందా? ఎవరైనా "డీజిల్ పంపు పోయినట్టుంది మేస్త్రీ" అంటే ఒప్పుకునేవాడు కాదు. "నీకేటనిపించిందో నాకొద్దు బాబూ. అదేటి సేసిందో సెప్పు" అనేవాడు.

సెల్ఫ్ మూలిగితే బ్యాటరీ, దాని తీగలు చూసేవాడు. తెల్లపొగ వస్తే డీజిల్ అందుతోంది కానీ కాలడం లేదని, ఇంజిన్‌ని ముందే వేడిచేసే హీటర్ ప్లగ్గుల దగ్గర మొదలుపెట్టేవాడు. పొగే రాకపోతే డీజిల్ ఇంజిన్ దాకా రావడం లేదన్నమాట. సెల్ఫ్ కొడుతూనే ఉండే డ్రైవర్ల మీద మాత్రం గట్టిగా కసిరేవాడు. "దాని పీక నొక్కకు. ఊపిరి తీసుకోనీ."

కోపం ఎక్కువే. స్పానర్ అందుకోవడంలో ఆలస్యమైతే విసిరేసేవాడు. తప్పులూ చేశాడు. ఒకసారి బారువ నుంచి వచ్చిన ఎండుచేపల బండి దారిలో ఆగిపోతోందని, ఆగితే మళ్లీ స్టార్టవడం లేదని, రెండు రోజులు కూర్చుని పంపంతా విప్పాడు. ఆఖరికి చూస్తే ట్యాంకు మూతలో గాలి కన్నం మట్టితో మూసుకుపోయి ఉంది. గుండుసూదితో పొడిచేస్తే సరిపోయేది. ఆ సంగతి దాచలేదు, ఏ బండి వచ్చినా ముందు ఆ కథ చెప్పేవాడు. "ఆ ఎండుసేపల కంపు నా ముక్కులోంచి ఇంకా పోనేదు" అంటూ కొబ్బరి పీచుతో చేతుల గ్రీజు తుడుచుకునేవాడు.

పెద్ద తుఫాను వచ్చినప్పుడు జీడి, కొబ్బరి తోటలకి తోటలే పడిపోయాయి. తాగునీళ్లు తెచ్చే బళ్లు కూడా ఆగిపోయాయి. డీజిల్ ట్యాంకుల్లోకి వాననీరు చేరింది. మావ షెడ్డు రేకులు ఎగిరిపోయి ఎక్కడ పడ్డాయో తెలీదు. ఆయన గోడ పక్కన కూర్చుని, ఒక్కో బండి డీజిల్ సీసాలోకి పట్టి, కదపకుండా పక్కన పెట్టేవాడు. నీరు అడుక్కి దిగేది. దాన్ని పారబోసి, ఫిల్టర్ కడిగి, ఇంకో బండి అందుకునేవాడు. భోజనానికి పిలిస్తే, "బళ్లు కదిల్తే కదా నీళ్లొచ్చేది. నీళ్లొత్తే కదా వంట" అన్నాడు. ఆ పనంతా అయ్యాకే తన రేకులు వెతుక్కున్నాడు.

తర్వాత కొన్నాళ్లకి ఆయన పాదాలు వాచాయి. మా ఊళ్లలో ఇంటికొకరికి కిడ్నీ జబ్బు, క్రియాటినిన్ అన్న మాట చంటిపిల్లలకి కూడా తెలుసు. రక్తపరీక్ష కాగితంలో అంకె చూడగానే అందరికీ అర్థమైపోయింది. డాక్టర్ని మావ డ్రైవర్లని అడిగినట్టే అడిగాడు. నీళ్ల వల్లా, మట్టి వల్లా, ఎండలో పని వల్లా, నడుం నొప్పికి మింగిన బిళ్లల వల్లా? ఆ డాక్టరు మంచాయన. అబద్ధం చెప్పలేదు. ఇంకా ఎవరికీ కచ్చితంగా తెలీదన్నాడు. బయటికొచ్చాక మావ అన్నాడు, "ఎక్కడ పాడైందో తెలీకండా రోజులు నడపడమేరా ఇంక."

షెడ్డు మూసేశాడు. రోజు విడిచి రోజు ఊరి నుంచి నా పికప్‌లో పలాస డయాలసిస్‌కి తీసుకెళ్లేవాణ్ణి. వెళ్లేటప్పుడు మాటలుండేవి, వచ్చేటప్పుడు ఉండేవి కావు. ఆయన అలిసిపోయాడు, అత్త అలిసిపోయింది, నేనూ అలిసిపోయాను. ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు. కిందటి వానల్లో ఆయనే అన్నాడు. "ఇంక నేను రాన్రా. సాలు." అప్పటి నుంచి ప్రతిసారీ బతిమాలి ఎక్కించుకునేవాణ్ణి.

సరిగ్గా ఆ రోజుల్లోనే నా బండి పొద్దున్నే మొరాయించడం మొదలుపెట్టింది. బ్యాటరీ మార్చాను, హీటర్ ప్లగ్గులు మార్చాను. ఆయన్ని కదపడం ఇష్టంలేక వేరే మెకానిక్‌కి చూపించాను. తగ్గలేదు. ఒక డయాలసిస్ రోజు పొద్దున్న ఆయన్ని ఎక్కించుకుందామని, రాత్రి వాళ్లింటి ముందే ఆపి ఉంచిన బండికి ఎంత తాళం తిప్పినా అందుకోలేదు.

"ఆటో పిలుత్తాను మావా" అన్నాను.

"ఒద్దు. అదీ రానంటంది, నేనూ రానంటన్నాను. ఊరుకో." అరుగు మీద గోడకి జారబడి కళ్లు మూసుకున్నాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. బతిమాలే ఓపిక నాకూ లేదు. ఏం చెయ్యాలో తెలీక మళ్లీ తాళం తిప్పాను.

కళ్లు తెరవకుండానే అడిగాడు. "పొగొత్తందా?"

"లేదు మావా."

"ఒకసారి అందుకున్నాక?"

"రోజంతా బాగానే ఉంటంది."

"మరింకేటి. ఆగున్నప్పుడు డీజిల్ ఎనక్కి జారిపోతంది. ఎక్కడో గాలి పీల్సుకుంటంది."

గోడ పట్టుకుని లేచాడు. కుర్చీ వేయించుకుని చక్రం పక్కన కూర్చున్నాడు. డీజిల్ పైపు వెంబడి వేళ్లతో తడుముకుంటూ ఫిల్టర్ దాకా వెళ్లాడు. దాని మీదుండే చేతిపంపుని గుడ్డతో పొడిగా తుడిచి, నన్ను నొక్కమన్నాడు. నొక్కుతుంటే పంపు మొదట్లో సన్నగా తడి ఊరింది, దానిలో చిన్న బుడగ. "అదిగో. రబ్బరు వాచర్ ఎండిపోనాది."

స్పానర్ కోసం చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యి అది, బరువు పడకూడదు. "ఈ సెయ్యి ఇప్పుడు నాది కాదు. నువ్వు తిప్పు" అన్నాడు. ఇంట్లో మిగిలిన పాత సామాన్లలో వెతికి కొత్త వాచర్ వేశాను. ఫిల్టర్ మీది గాలి పోయే బోల్టు వదులుచేసి పంపు కొట్టమన్నాడు. నురగ వచ్చింది. "ఇంకా కొట్టు" అన్నాడు. నురగ పోయి నిఖార్సయిన డీజిల్ కారాక బోల్టు బిగించమన్నాడు. ఈసారి తాళం తిప్పగానే బండి అందుకుంది.

ఇంజిన్ వైపు చెవి పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. ఆఖరికి ఆయనే, "ఇంత సేసేక ఎల్లకపోతే ఏం బాగుంటది. పట్టుకో" అని నా భుజం ఆసరాతో ముందు సీట్లోకి ఎక్కాడు. అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది. దారంతా నిద్రపోయాడు.

ఆ తర్వాత రానన్న మాట మళ్లీ అనలేదు. ఇష్టం పుట్టి కాదు, అది నాకు తెలుసు. మేము కుదుటపడటానికి ఆయన మరికొన్ని నెలలు ఓపిక పట్టాడు. ఆ నెలల్లోనే కూతురి పురుడు చూశాడు, మనవరాలిని ఒళ్లో పెట్టుకున్నాడు. పోయే ముందు రోజు కూడా పలాస వెళ్లొచ్చాడు. రాత్రి అన్నం రెండు ముద్దలు తిని, మజ్జిగ ఇంకాస్త పొయ్యమన్నాడట. డయాలసిస్ మనిషికి నీళ్లూ మజ్జిగా కొలతే అయినా, ఆ ఒక్కపూటకి అత్త కాదనకుండా పోసిందట. అది చెప్పినప్పుడే ఆవిడ ఏడ్చింది.

పలాసకి బండి ఇంకా తిప్పుతున్నాను. మావ కూర్చున్న సీట్లో ఇప్పుడు డయాలసిస్‌కి పక్క ఊరావిడ వస్తోంది, జీడిపప్పు ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు పనిచేసిన మనిషి. ఎక్కగానే తల అద్దానికి ఆన్చి కళ్లు మూసుకుంటుంది. పలాస పొలిమేరలో జీడిపిక్కలు కాల్చే వాసన తగలగానే లేస్తుంది, పైట సర్దుకుంటుంది. జీడిపిక్కల రసానికి నల్లబడిన వేళ్లని ఒళ్లో ఒకదానిమీద ఒకటి పెట్టుకుని, ఆస్పత్రి మలుపు వచ్చేదాకా రోడ్డు వైపే చూస్తూ కూర్చుంటుంది.