మింగిన వైనూ, వదిలేసిన పద్నాలుగు కిలోమీటర్లూ

నాకు సైకిల్ తొక్కడం వచ్చింది నలభై మూడో ఏట. తెనాలిలో చిన్నప్పుడు మా అన్నయ్య తొక్కుతుంటే వెనక క్యారియర్ మీద కూర్చోవడమే నా సైక్లింగ్. ఆడపిల్లవి, పడితే దెబ్బలు తగుల్తాయని నన్ను హ్యాండిల్ ముట్టుకోనివ్వలేదు. ఆ ఉక్రోషం ఇన్నేళ్లూ కడుపులోనే ఉంది. ఐర్లండ్‌లోని అత్లోన్‌లో ఉద్యోగం వచ్చి ఇక్కడ స్థిరపడ్డాక, మా ఊరి నుంచి ములింగార్ దాకా పాత రైలు కట్ట మీద వేసిన సైకిల్ దారి నన్ను నిలవనివ్వలేదు. సెకండ్ హ్యాండ్ బండి ఒకటి కొన్నాను. మా అమ్మాయి హాసిని సీటు పట్టుకుని వెనకాల పరిగెడుతుంటే, మోకాళ్లు రెండూ చీరుకుపోయినా నేర్చేసుకున్నాను. ఏడాది తిరక్కుండానే పెద్ద ప్రయాణం ప్రకటించాను: ఫ్రాన్సులో, బోర్డో ద్రాక్షతోటల మధ్య, గైడుతో మూడు రోజులు, నూట పది కిలోమీటర్లు. అలిసిపోయిన వాళ్లను ఎక్కించుకోవడానికి వెనకే ఒక వ్యాన్ వస్తుందట. "నేను మాత్రం దాన్ని ఎక్కను, చూస్తూ ఉండు" అన్నాను. పద్నాలుగేళ్ల హాసిని "డే టూ కల్లా యూల్ బీ ఇన్ ద వ్యాన్, అమ్మా" అని పకపకా నవ్వింది. ఇంకొకరు నడుపుతుంటే వెనక కూర్చునే బతుకు ఇక చాలనుకున్నాను నేను.

జూన్ మొదటి వారం, హాసిని స్కూలు సెలవులు మొదలవగానే బయల్దేరాం. నడుం నొప్పి పేరు చెప్పి మా ఆయన తప్పించుకున్నారు. అత్లోన్ నుంచి డబ్లిన్ విమానాశ్రయానికి కోచ్‌లో రెండు గంటలు, అక్కణ్ణుంచి బోర్డోకి విమానంలో ఇంకో రెండు గంటలు. జనవరిలోనే కొన్నాం కాబట్టి రానూపోనూ టికెట్ మనిషికి నూట నలభై యూరోలు పడింది. టూరు మనిషికి తొమ్మిది వందల లోపు. సైకిలు, హోటళ్లు, మధ్యాహ్న భోజనాలు అందులోనే. మా గైడు గ్రోన్యా మా ఐర్లండ్‌లోని గాల్వే అమ్మాయి, గొంతు గట్టిది. వ్యాన్ నడిపే పాస్కల్ బోర్డోవాడే. మొదటి రోజు బోర్డో నుంచి క్రేయో అనే చిన్న ఊరికి ఇరవై ఆరు కిలోమీటర్లు. అది కూడా పాత రైలు దారే, చెట్ల నీడలో చల్లగా సాగిపోయింది. అత్లోన్‌లో తొక్కినవాళ్లకు అదో లెక్కే కాదు.

రెండో రోజు తొమ్మిదింటికి క్రేయోలో బయల్దేరే ముందు గ్రోన్యా ఒక నియమం చెప్పింది. "ఇవాళ పదిన్నరకి వైన్ రుచి చూస్తాం. నోట్లో పోసుకుని, రుచి చూసి, బకెట్‌లో ఊసేయాలి. అందరూ చేసే పనే. మింగినవాళ్లు భోజనం దాకా వ్యాన్‌లో వస్తారు. నేను లెక్కపెట్టను, మీరే నిజం చెప్పాలి."

పాత మఠం శిథిలాల మీదుగా, ఎత్తుపల్లాల దారిలో పదిహేను కిలోమీటర్లు తొక్కి ఆ తోటకి చేరాం. యజమాని ఎనభై ఏళ్ల పెద్దాయన. తన చేత్తో గ్లాసులు తుడిచి, ఆ తీగలు తన తాతగారు నాటినవని చెప్తూ ఒక్కొక్కరికీ ఆయనే పోశాడు. పక్కవాళ్లు పుక్కిలించి, బకెట్‌లోకి తుపుక్కున ఊశారు. నా వంతు వచ్చింది. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. తండ్రి లాంటి మనిషి ప్రేమగా చేతికిచ్చింది ఆయన కళ్ల ముందే ఊసేయడమా! నా వల్ల కాలేదు. మింగేశాను. ఆయన మొహం వెలిగింది, ఇంకోటి పోశాడు. ద్రాక్షరసం తాగుతున్న హాసిని మోచేత్తో పొడిచి "అమ్మా, జస్ట్ స్పిట్ ఇట్!" అని గుసగుసలాడింది. వినిపించుకుంటేగా. ఆయన పోసిన అయిదు గ్లాసులూ మింగాను. పండగకి రెండు గుక్కలు తప్ప ఎరగని దాన్ని.

గేటు దగ్గర గ్రోన్యా అడిగింది. "అందరూ ఊసేశారు కదా? గ్రాండ్?"

ఐర్లండ్‌లో గ్రాండ్ అంటే అంతా బాగానే ఉందని. "గ్రాండ్, గ్రాండ్" అనేశాను నేను. నాలుక దానంతటదే తిరిగింది. వ్యాన్ తలుపు తెరిచి ఉంది మరి.

గేటు దాటగానే దిగుడు. హాసిని నా కోసం వేగం తగ్గించి పక్కకి వచ్చింది. ఎదురుగా ట్రాక్టర్. తప్పుకోబోతే హ్యాండిల్ నా మాట వినలేదు. నా ముందు చక్రం హాసిని చక్రానికి బెత్తెడు దూరం దాకా వెళ్లి ఆగింది. నా పంతం కోసం పిల్లని ట్రాక్టర్ కిందకి తోసేదాన్ని.

బండి దిగి గట్టిగా అరిచాను. "గ్రోన్యా, నేను అబద్ధం చెప్పాను. ఒక్క చుక్క కూడా ఊయలేదు."

ఆమె తిట్టలేదు. "చెప్పారు కదా, అది చాలు. బండి పాస్కల్‌కి ఇవ్వండి" అంది. ఎక్కాను. హాసిని కిటికీ దగ్గరకొచ్చి "ఇట్స్ ఓకే, అమ్మా" అంది. వెక్కిరించినా బాగుండేది. పద్నాలుగు కిలోమీటర్లూ కిటికీలోంచి అందరి వీపులూ చూస్తూ కూర్చున్నాను, కళ్లు తుడుచుకుంటూ.

డోర్డోన్ నది ఒడ్డున బ్రాన్ అనే ఊళ్లో భోజనం చేసి, మత్తు దిగేదాకా ఆగి, మళ్లీ తొక్కి సాయంత్రం అయిదింటికి సెయింట్ ఎమిలియన్ చేరాను. రాతి ఊరు, ఎంత అందంగా ఉందో! కానీ నా మనసు అక్కడ లేదు. భోజనాల దగ్గర గ్రోన్యాని అడిగాను. "రేపు బయల్దేరేది తొమ్మిదిన్నరకి కదా. పొద్దున్నే నన్ను ఆ తోట దగ్గర దింపిస్తారా? వదిలేసింది తొక్కి వస్తాను."

"పాస్కల్ ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు. కానీ ఒంటరిగా పంపను. తోడు కావాలి" అంది.

ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే హాసిని అంది. "ఐల్ గో." సెలవుల్లో పదకొండైతే తప్ప లేవని పిల్ల!

ఆరున్నరకి పాస్కల్ మమ్మల్ని తోట గేటు దగ్గర దింపాడు. పెద్దాయన అప్పుడే షెడ్డు తలుపులు తీస్తున్నాడు. మళ్లీ ఎందుకొచ్చామని అడిగితే పాస్కల్ కథంతా చెప్పాడు. ఆయన కడుపు పట్టుకుని నవ్వి ఏదో అన్నాడు. పాస్కల్ మాకు ఇంగ్లీషులో చెప్పాడు. "నేనూ రోజూ ఊసేస్తానమ్మా, లేకపోతే ఎనభై ఏళ్లు బతికేవాణ్ణా అంటున్నాడు."

"ఐయామ్ స్కార్లెట్ ఫర్ యూ, అమ్మా" అని హాసిని మొహం దాచుకుంది. నీ తరఫున నేను సిగ్గుతో చచ్చిపోతున్నానని ఐర్లండ్ పిల్లలు అనే మాట అది. నేనూ పడీపడీ నవ్వాను. నిన్నటి దిగుడు ఈసారి బ్రేకు మీద చెయ్యి ఉంచి నిదానంగా దిగాను. తర్వాత రెండు ఎత్తులు ఊపిరి తీసేశాయి, అయినా దిగి తోయలేదు. ఎనిమిదీ పదికి బ్రాన్ వంతెన దాటి, కాఫీ తాగి, వ్యాన్‌లో వెనక్కి వచ్చాం. తొమ్మిదిన్నరకి అందరితో కలిసి మూడో రోజు ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లూ మొదలుపెట్టాను.

ఆ రోజు వ్యాన్ ఎక్కినందుకు ఇప్పుడు నాకేం చిన్నతనం లేదు. "గ్రాండ్" అన్నందుకే ఉంది. మీరూ ఇలాంటి టూరుకి వెళ్తే ఒక్క పని చేయండి: మొదటి గ్లాసు పోయకముందే బకెట్ అడిగి మీ పక్కన పెట్టించుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఇక నా సంగతంటారా, మొత్తం తొక్కావా అని అడిగినవాళ్లకి నిబ్బరంగా చెప్తున్నాను. నూట పదీ తొక్కాను. కాకపోతే రెండో రోజుది కొంత మూడో రోజు పొద్దున తొక్కాను.