పధ్నాలుగు గీతలు

మిక్సీ ఆపగానే గదిలోంచి మా పెద్దమ్మాయి గొంతు వినిపించింది. "పదమూడు, పధ్నాలుగు." రోజూ వినే లెక్కే కదా అని పచ్చడి గిన్నెలోకి తీయబోయాను. సగంలో చెయ్యి ఆగిపోయింది. ఈ రోజు ఆ లెక్క ఏడు దగ్గర ఆగాలి.

నేను పరుగెత్తేసరికి మా అత్తగారు పొట్ట మీద దూది నొక్కుకుంటున్నారు. ఖాళీ సిరంజి మంచం మీద ఉంది.

అత్తగారికి అంకెలు చదవడం రాదు. నోటి లెక్క మాత్రం తిరుగులేనిది. ఇన్సులిన్ మొదలుపెట్టిన రోజు నుంచీ ఆవిడ దృష్టిలో తన మందు పధ్నాలుగు యూనిట్లు కాదు, పధ్నాలుగు గీతలు. మేం వాడే చిన్న సిరంజిలో గీతకు ఒక యూనిట్టు కాబట్టి సరిపోయేది. కంట్లో శుక్లం వచ్చాక, ఆవిడ మందు లాగుతుంటే గీతలు లెక్కపెట్టే పని ఎనిమిదేళ్ళ మా పెద్దమ్మాయికి వచ్చింది. బియ్యం కొలిచినప్పటిలాగే, ఒకటి అనకుండా "లాభం, రెండు, మూడు" అని పైకి లెక్కపెట్టించేవారు.

ఆ మధ్యాహ్నం నెహ్రూ నగర్ మందుల షాపులో చిన్న సిరంజిలు లేవు. పెద్దవి ఇస్తూ హిందీవాడైన షాపతను వచ్చీరాని తెలుగు కలిపి, "దీదీ, ఇస్మే ఏక్ గీత అంటే రెండు యూనిట్లు. ధ్యాన్ రఖ్నా, జాగ్రత్త" అన్నాడు. రెండ్ల చొప్పున ఏడు గీతలు అని దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాను. ప్యాకెట్టు మందుల డబ్బాలో పెట్టాను. చెబుదామనుకున్నాను. ఈలోగా కుళాయి వచ్చింది, నీళ్ళు పట్టాను, ఆరిన బట్టలు తీశాను. చెప్పలేదు.

"అత్తయ్యా, మందు రెట్టింపు వెళ్ళిపోయింది."

"ఏటి రెట్టింపు? పద్నాలుగు గీతలేగదే. నాను సెవులారా ఇన్నాను."

గ్లాసులో పంచదార నీళ్ళు కలిపి నోటి దగ్గర పెట్టాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "ఇన్నాళ్ళూ టీలో సెంచాడు ఎయ్యవే అంటే ఏడిపించీసినావు. ఇయ్యేళ గలాసుడు పోసెస్తన్నావేటి? నాను పోతానని మొక్కు తీర్సుకుంటన్నావా?"

నాకు నవ్వు రాలేదు. మా ఆయన ఫ్యాక్టరీలో రెండో షిఫ్టులో ఉన్నారు, పదింటి దాకా రారు. పక్క క్వార్టర్ దీదీ మమ్మల్నీ పిల్లల్నీ ఎక్కించుకుని ఆసుపత్రికి కారు తీసింది. సెక్టర్ 7 దాటేలోపే అత్తగారి అరచేతులు చెమటతో తడిసిపోయాయి. నన్ను మా ఆడపడుచు అనుకుని, "అమ్మీ, ఎప్పుడొచ్చినావే?" అన్నారు.

ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించారు. పావుగంటకోసారి వేలు పొడిచి చూశారు. నేను గడియారం చూస్తూ పదిహేను, ముప్పై, నలభై ఐదు అనుకుంటూ కూర్చున్నాను. మీటరులో అంకె మాత్రం ఏ వరసలోనూ నడవలేదు. పెరిగింది, పడిపోయింది, మళ్ళీ కొంచెం పెరిగింది.

అప్పుడు మా ఐదేళ్ళ చిన్నది నా కొంగు పట్టుకుంది. "మమ్మీ, అక్క బోలీ థీ నా. పాంచ్ గీతలకే దస్ లిఖా హై అని. నానమ్మ విన్లేదు."

పెద్దదాన్ని అడిగాను. తల ఎత్తకుండానే చెప్పింది. ఐదో గీత దగ్గర పది, పదో గీత దగ్గర ఇరవై రాసున్నాయట. "యే తో దో-దో వాలా హై, రెండేసిది నానమ్మా" అందట. "మీయమ్మ ఏటి సెప్పింది? గెంతకండా గీత గీతా లెక్కెట్టమందా, నేదా?" అన్నారట ఆవిడ.

చెప్పింది నేనే. కిందటి వారం హోంవర్కులో రెండు, నాలుగు, ఆరు అని గెంతే వరసలు రాస్తూ మధ్యలో తప్పుతోందని, "ముందు ఒక్కొక్కటీ లెక్కపెట్టడం నేర్చుకో, తర్వాత గెంతుదువుగాని" అని కసిరాను. బి.ఎస్సీ.లో లెక్కలు చదివినదాన్ని. వరస ఎక్కడ మారిందో కనిపెట్టడం ఎంత పెద్ద విషయమో తెలిసినదాన్ని. నా పిల్ల తనంతట తానే కనిపెడితే, నా మాటే దాని నోరు మూసింది.

తొమ్మిది దాటాక అత్తగారు కళ్ళు తెరిచి ఆకలేస్తోందన్నారు. ప్రమాదం గడిచింది, ఈ రాత్రికి ఇక్కడే ఉంచండి అన్నాడు డాక్టరు. పది దాటాక మా ఆయన డ్యూటీ నుంచి నేరుగా వచ్చి ఆవిడ దగ్గర కూర్చున్నారు. నేను పిల్లలతో ఇంటికి వచ్చాను.

పక్క మీద పెద్దది నా వైపు తిరిగి, "నానమ్మ పోయుంటే, నేను చంపినట్టా?" అని అడిగింది.

"నానమ్మ బాగుంది, పడుకో" అన్నాను. అది అడిగినదానికి జవాబు కాదని దానికీ తెలుసు. చాలాసేపు దాని కళ్ళు తెరిచే ఉన్నాయి.

పొద్దున్న జడలు వేశాక ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"తప్పు నాది. సిరంజి మారిందని తెలిసీ ఎవరికీ చెప్పలేదు. ఇకనుంచి నానమ్మ మందు నేనో నాన్నో లాగుతాం, మీరు ముట్టుకోవద్దు. కానీ గీతల పక్కన నువ్వు చూసి చెప్పింది నిజం. నీ లెక్కకీ అక్కడ రాసినదానికీ పడకపోతే ఆగిపో. నానమ్మ కాదన్నా, నేను కాదన్నా సరే, వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగు. నేను విసుక్కుంటాను. అయినా లాగు."