ఏస్తేరవ్వ గుర్తుపట్టిన గొంతు

ఇన్నేళ్లుగా నా గొంతే నాకు బరువైంది. ఆదివారం చర్చిలో వాక్యం చదవడానికి లేచి నోరు తెరిచిన ప్రతిసారీ ఆ బరువు తెలుస్తుంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది ఉదయగిరి. పని ఆత్మకూరులో. బట్టల షాపుల తగ్గింపు ధరలు, కొత్త సినిమాలు, విత్తనాలు... ఆటోకు మైకు కట్టి ఊరూరా తిప్పే ప్రచారాలకు గొంతు నాదే. ఎవరైనా పోతే ఆటోలో తిరిగి ఊరికి కబురు చెప్పేదీ నేనే. ఆదివారం మాత్రం మా చర్చిలో బైబిలు చదువుతాను. మా వీధిలో ఉండే ఏస్తేరవ్వ ముందు వరుసలో చాప మీద కూర్చుని, కళ్లు మూసుకుని వినేది. ఆమెకు చదువు రాదు. నేను చదివితేనే అది వాక్యం ఆమెకు.

ఒకసారి ఆత్మకూరుకు ఒకాయన షుగరు జబ్బు తగ్గిస్తుందనే పొడి ప్రచారం కోసం వచ్చాడు. ఆయన ఇచ్చిన కాగితం నేను మామూలుగా చదివితే నచ్చలేదు. చర్చిలో చదివినట్టు చదవమన్నాడు. అట్లాగే చదివాను. మాత్రలు మానేయండి, సూదులు మానేయండి, నమ్మినవారికి నయమవును. ఆ చివరి మాట ఆయన కాగితంలో లేదు. నేనే కలిపాను. భలే కుదిరిందని మురిసిపోయాను కూడా. ఛీ!

నా గొంతు రికార్డు పెట్టుకుని ఆ ప్రచారం ఆటో మా ఊరికీ వచ్చింది. గుమ్మంలో నిలబడి విన్నాను. నా గొంతు దుర్గం కొండకు తగిలి మళ్లీ వెనక్కి వచ్చింది. ఒళ్లు గగుర్పొడిచింది. ఈ బక్కమనిషిలోంచేనా ఇంత పెద్ద మాట వచ్చింది అనుకున్నాను. గర్వమా అది? భయమా? రెండూ అయి ఉంటాయి.

ఏస్తేరవ్వ మాత్రలు మానేసి పొడి మొదలుపెట్టింది. ఎవరితోనూ అనలేదు. చర్చిలో చదివే గొంతు చెప్పాక ఇంకెవరిని అడుగుతుంది? పాదానికి చిన్న పుండు లేచింది. అది మానలేదు. నెల్లూరు తీసుకెళ్తే మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. నోరా వీపుకు దెబ్బలు తేకే అంటారు. నా నోరు నా వీపుకు తేలేదు, ఆమె కాలికి తెచ్చింది.

షుగరు నయం చేస్తామని ప్రచారం చేయడమే నేరమట. ఆసుపత్రిలో ఎవరో చెబితే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ అవ్వ ఇంటికి వచ్చాడు. పాలు ఇవ్వడానికి వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. ఆయన ఫోనులో ఆ ప్రచారం వినిపించాడు.

"ఈ గొంతు ఎవరిదో తెలుసా అవ్వా?"

అవ్వ కళ్లు మూసుకుంది. అచ్చం ఆదివారం విన్నట్టే, చివరి మాట దాకా విన్నది. కళ్లు తెరిచి నా వైపు చూసింది.

"తెలీదు నాయనా. ఎవురో పరాయి ఊరోళ్లది మాదిరుండాది."

"మీకు తెలుసా?" అని ఆయన నన్ను అడిగాడు. తల అడ్డంగా ఊపాను. నోరు విప్పితే ఆ గొంతే కదా బయటికొచ్చేది!

ఆయన వెళ్లాక, "అవ్వా" అన్నాను.

"ఊరుకోరా. తెలియక చెప్పినావు. నువ్వు పోయి జైల్లో కూర్చుంటే నాకు వాక్యం ఎవురు చదువుతారు?"

కాలు పోయిన మనిషి, ఆ కాలు పోగొట్టిన వాడిని కాపాడింది. ఇదెక్కడి మనసయ్యా! ఇన్నాళ్లూ క్షమించమన్న మాటలు ఎన్నిసార్లు చదివానో, అవి మనిషి రూపంలో మంచం మీద కూర్చుని ఉంటాయని నాకు తెలియదు.

కానీ తెలియక చెప్పానని ఆమె నమ్మింది, అది అబద్ధం. నాకూ షుగరుంది. ప్రచారం రికార్డు చేసిన రోజు పొద్దున మాత్ర వేసుకునే బస్సెక్కాను. ఆ సాయంత్రమూ వేసుకున్నాను. నమ్మినవారికి నయమవును అన్నవాడు తాను ఎందుకు నమ్మలేదు? తెలియక చెప్పానని ఆమె అన్నప్పుడు, కాదవ్వా అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. ఆ మాట చాటున దాక్కుని మిగతా ఆదివారాలన్నీ ఆమె ముందే వాక్యం చదివాను. ఆమె అట్లాగే కళ్లు మూసుకుని విన్నది.

ఆ పొడి ఆయన దొరకలేదు. పొట్లం మీద పేరు మార్చాడు, గొంతు మార్చలేదు. ఒకసారి సంగం బస్టాండులో విన్నాను, ఇంకోసారి వరికుంటపాడులో. ఆ రోజు నేను నోరు విప్పి ఉంటే ఆయన దొరికేవాడు. ఆ తర్వాత ఆ మాట విని ఎవరెవరు మాత్రలు మానేశారో నాకు తెలియదు.

ఈ ఎండాకాలం ఏస్తేరవ్వ పోయింది. ఊరికి కబురు చెప్పమని ఆమె కొడుకు నన్నే పిలిచాడు. మైకు పట్టుకుని ఆటోలో తిరుగుతూ ఆమె పేరు చెప్పాను. ఆ పేరు కొండకు తగిలి నా దగ్గరికే తిరిగొచ్చింది. ఆటోలో కూర్చుని ఏడ్చాను.

ఇన్‌స్పెక్టర్ అడిగినదానికి ఆ రోజు తల ఊపి ఊరుకున్నాను. ఇప్పుడు నోటితో చెబుతున్నాను. ఆ గొంతు నాది. తెలిసే చెప్పాను.