సగంలో ఆగిన నవల

హిందీవాళ్ళ ఊళ్ళోని ఉక్కుమిల్లు కాలనీ రుఆబాంధాలో, మన తెలుగువాళ్ళలో ఫ్లోరా టీచరమ్మ అంటే తెలియనివాళ్ళు లేరు. బళ్ళో ఇంగ్లీషు చెబుతుంది, ఇంటికొచ్చి పీహెచ్‌డీ చేస్తుంది. దేనిమీదయ్యా అంటే, రెండొందల ఏళ్ళ కిందట అమెరికాలో నవలలు రాసిన ఆడవాళ్ళ మీద! వాళ్ళలో కొందరు యూనిటేరియన్లు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురుగా కాదు, దేవుడు ఒక్కడేననీ, భక్తి నడతలో కనబడాలనీ నమ్మినవాళ్ళు. ఫ్లోరాకి వాళ్ళంటే ప్రాణం. భర్త ఇమ్మాను మిల్లులో డ్యూటీ దిగి వచ్చేసరికి అన్నం చల్లారిపోవచ్చు గానీ, నవల కబురు మాత్రం వేడివేడిగా ఉంటుంది.

స్త్రీల ఆదివారం నాడు తెలుగు చర్చిలో వాక్యం చెప్పమంటే, ఈ మహాతల్లి వాళ్ళలో ఒకావిడ రాసిన నవల ఎత్తుకుంది. అందులో ఒక పిల్ల. యూనిటేరియన్ అయిన తండ్రి చనిపోయాడు. ఆమెను పెళ్ళాడబోయే కుర్ర పాస్టరు, "మీ నాన్నకి పరలోకం లేదు" అనేశాడు. ఆ పిల్ల వేలి ఉంగరం తీసి బల్లమీద పెట్టింది. ఆడవాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. సరిగ్గా అప్పుడే సంఘపెద్ద కొర్నేలి లేచాడు.

"ఏటమ్మా, త్రిత్వం లేదన్నోళ్ళ కతలు గుళ్ళో చెప్తావేటి? బస్, ఇంక కూకో."

ఫ్లోరా మొహం కందిపోయింది.

వారానికో ఇంట్లో జరిగే కాటేజీ ప్రార్థన ఆ శుక్రవారం వాళ్ళ క్వార్టర్లోనే. సంఘపెద్ద రాకపోతే ఎవరూ రారు. ఎవరూ రాకపోతే సంఘం వెలేసినట్టే. ఫ్లోరా చాపలు పరిచి, పెద్ద గిన్నెడు ఉప్మా చేసి, గుండె చిక్కబట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఒస్తార్లేవే" అన్నాడు ఇమ్మాను, తనకే నమ్మకం లేకుండా.

వచ్చారు! ముందు కొర్నేలి భార్య డోర్కాస్, ఆమె వెంట ఆడవాళ్ళ దండు, అందరికంటే వెనక మూతి ముడుచుకుని కొర్నేలి. ప్రార్థన ఎంత పొట్టిగా చేశాడంటే, ఇమ్మాను కళ్ళు మూసుకునేలోపే ఆమెన్ అయిపోయింది.

"ఆ పిల్ల పెళ్ళాడిందా లేదా, చెప్పవే! ఆదోరం కాణ్ణించి నిద్దర్లేదు" అంది డోర్కాస్.

"పెళ్ళి సంగతి తరవాత" అని కొర్నేలి అడ్డొచ్చాడు. గొంతు తగ్గించి అడిగాడు. "ఆ పిల్ల అయ్య సంగతేటి? ఆయనకి పరలోకం దొరికిందని రాసిందా? మా అయ్య బాప్తిస్మం తీసుకోకుండానే పోయాడమ్మా. సానా మంచోడు."

ఫ్లోరాకి ఆదివారం నాటి కోపం ఎటుపోయిందో పోయింది.

"మంచోళ్ళని దేవుడు బయట నిలబెట్టడని రాసింది మావయ్యా."

కొర్నేలి జేబురుమాలుతో మొహమంతా తుడుచుకున్నాడు.

"అచ్చా. ఉప్మా పెట్టు. వచ్చే వారం ప్రార్థన మా ఇంట్లో. ఆ పుస్తకం పట్టుకురా, మొదట్నించీ చెప్పాల."