ఇంకా ఒకరు రావాల

మా వాచ్‌మన్ తాత చూపుడువేలు నాకింకా కళ్లముందు కదులుతూనే ఉంటుంది.

ఉద్యోగం కోసం ఉదయగిరి నుంచి నెల్లూరు వచ్చి ఆ అపార్ట్‌మెంట్‌లో దిగిన మొదటి వారం. సాయంత్రం గేటులోకి అడుగు పెడుతుంటే ఆయన నన్ను వేలితో లెక్కపెట్టడం చూశాను. ఒళ్లు మండింది. "ఏంది తాతా ఆ లెక్క?" అని అడిగేశాను.

ఆయన సిగ్గుపడ్డాడు. "మర్రిపాడు కాడ గొర్రెలు కాసినోణ్ణమ్మా. పొద్దు గూకితే మందంతా వచ్చిందా లేదా చూసుకోవాల. ఒకటి తగ్గినా నాకు ముద్ద దిగదు."

వానల్లేక మంద అమ్ముకుని వచ్చాడట. ఇక్కడ ఇరవై నలుగురమూ ఇల్లు చేరేదాకా గేటు వదిలేవాడు కాదు.

అది మా అపార్ట్‌మెంట్ వాళ్లకు నచ్చలేదు. ఎవరు ఎప్పుడొస్తే ఈయనకెందుకన్నారు. ఆయన్ను మానిపించి కెమెరా పెట్టాలని కాగితం రాశారు. నా దగ్గరకూ తెచ్చారు. కొత్తదాన్ని, అందరికీ చెడ్డ కావడమెందుకని సంతకం పెట్టాను.

వెళ్లిపోయే రోజు సాయంత్రం, మూట చంకన పెట్టుకుని గేటు దగ్గరే ఉన్నాడు. నన్ను చూసి వేలు కదిపాడు.

"నాకు బస్సు టైమయిందమ్మా. మూడో అంతస్తు టీచరమ్మ ఒక్కతే రావాల. వచ్చిందాకా నువ్వు చూస్తావా?"

నా సంతకం సంగతి ఆయనకు తెలియదు.

ఆయన వెళ్లాక అక్కడే నిలబడ్డాను. చాలాసేపటికి టీచరమ్మ స్కూటీ ఆపి, "ఎవరికోసమండీ?" అంది.

మీకోసమేనంటే ఒళ్లు మండుతుందేమోనని, "ఊరికే" అన్నాను.