పడవను ముంచలేకపోయిన రోజు

టీవీ సీరియళ్ళకు నేను రాసిన కాగితాలన్నీ వరసగా పరిస్తే తడ నుంచి నెల్లూరు దాకా హైవే కనపడదు. ఆ కాగితాల మీద నేను చంపినవాళ్ళతో ఒక మండలం నిండుతుంది. లారీ కింద వేశాను, మేడ మీంచి తోశాను, పాయసంలో విషం కలిపాను. చానల్ వాళ్ళు అడిగితే మళ్ళీ బతికించాను. ఒకావిడను మూడుసార్లు చంపితే, చివరికి ఆ నటే ఫోన్ చేసి, "ఈసారైనా నన్ను నిజంగా పోనివ్వండి సార్, ఇంకో సీరియల్ ఒప్పుకున్నాను" అని బతిమాలింది. అంత చెయ్యి తిరిగిన హంతకుణ్ణి, మా నెల్లూరు తీరంలో ఒక్క పడవను ముంచలేకపోయాను.

అది నేను నిర్మాతనై తీసిన మొదటి సినిమా. కథా నాదే, తీయించడమూ నేనే. ఉత్త రచయితగా ఉన్నంతకాలం "సముద్రంలో తుఫాను" అని రెండు మాటలు రాసేసి టీకి పోయేవాణ్ణి. నిర్మాతనయ్యాక, ఆ రెండు మాటలు రాసినవాడు ఎక్కడున్నా వెతికి కొట్టాలనిపించింది. వాడు నేనే కావడంతో ఊరుకున్నాను.

కథ చిన్నది. చేపల వేటకు వెళ్ళిన భర్త పడవ మునిగిపోతుంది, ఒడ్డున భార్య గుండెలు పగిలేలా ఏడుస్తుంది, సినిమా ముగుస్తుంది. అన్నీ తీసేశాం, ఆ చివరి సీనే మిగిలింది. హీరోయిన్ మర్నాడు పొద్దున్నే ఇంకో సినిమాకు విమానమెక్కుతుంది. మళ్ళీ ఎప్పటికి దొరుకుతుందో ఆమెకే తెలియదు. ఆ ఒక్కరోజులో, వెలుతురు ఉండగా, పడవ మునగకపోతే నా సినిమాకు ముగింపే లేదు.

కృష్ణపట్నం అవతల ఒక పల్లెలో పడవ మాట్లాడుకున్నాం. పడవ యజమాని నాకంటే పదేళ్ళు పెద్ద. "మీ పడవ సినిమాలో నటిస్తుందన్నా" అని మాత్రం చెప్పాను. ఏం నటిస్తుందో చెప్పలేదు. ఆ ఉదయం వెళ్ళి చూస్తే పడవకు కొత్త రంగు వేయించి, పసుపూ కుంకుమా పెట్టి, ముక్కుకు బంతిపూల దండ వేసి నిలబెట్టాడు. అంత కళగల పెళ్ళికొడుకును నేనింతవరకూ చూడలేదు. దాని నటన చూడటానికి కొడవలూరు నుంచి బంధువులు రెండు ఆటోల్లో వచ్చారు. ఆ రెండు ఆటోల్లోంచి నలభైమంది దిగారు, ఇంకా దిగుతూనే ఉన్నారు. కెమెరా ఎటు తిప్పినా కరెంటు ప్లాంటు పొగగొట్టాలు పిలవని పేరంటాళ్ళలా వచ్చి మధ్యలో నిలబడుతున్నాయి.

నేను గొంతు సవరించుకుని అసలు సంగతి చెప్పాను.

"మునగదు" అన్నాడాయన.

"నిజంగా ముంచం అన్నా. లోతులేని చోట తాళ్ళు కట్టి పక్కకు వంచుతాం. పది నిమిషాల్లో లేపేస్తాం."

"నిన్ను పది నిమిషాలు పాడె మీద పండబెట్టి లేపేస్తాం. మీ ఇంట్లో ఆమె ఒప్పుకుంటాదా సార్?"

"అడిగి చూడన్నా, ఒప్పుకున్నా ఒప్పుకుంటాది" అన్నాడు బంధువుల్లో ఒకాయన. నలభైమందీ నవ్వారు. మా డైరెక్టర్ కూడా నవ్వాడు, అది నేను మర్చిపోలేదు.

పడవ యజమాని భార్య అంతసేపూ ఇసుకలో కూర్చుని వల చిక్కులు తీస్తోంది. "ఇంతకీ ఒడ్డున ఆ పిల్ల ఏమని ఏడస్తాది నాయనా?" అని అడిగింది.

నాకు పూనకం వచ్చేసింది. పేజీన్నర డైలాగు తీసి చదివాను. "పడవ మునిగిపోయింది దేవుడా" అని మొదలై, సముద్రాన్నీ ఆకాశాన్నీ నిలదీసి, వాతావరణ శాఖను కూడా వదలకుండా సాగుతుంది. నా మాటలకు నాకే కళ్ళు చెమర్చాయి. తుడుచుకుని చూస్తే అక్కడున్న ఆడవాళ్ళలో ఒక్కరూ ఏడవడం లేదు.

"బాగుండాది గానీ, ఆ మాట మేము అనం" అందామె.

"ఏ మాటక్కా?"

"అదే, మునిగిందని."

"మరేమంటారు?"

"ఇంకా రాలా అంటాం."

ఆమె వల మీంచి తల ఎత్తలేదు. "నా పెండ్లికి ముందే మా నాయన వేటకు పోయినాడు. మీ ఆయన యాడమ్మా అని ఎవురడిగినా, మాయమ్మ తను పోయిందాకా ఆ మాటే చెప్పింది. ఇంకా రాలా అని."

ఆ క్షణాన ప్లాంటు పొగగొట్టాలు కూడా పొగ ఆపాయని నా నమ్మకం.

ఆ తర్వాత నన్ను పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు. పేజీన్నరనూ చించి గాల్లోకి విసిరితే, చేపలనుకుని కాకులు దిగాయి. డైరెక్టర్ దగ్గరికి పరిగెత్తాను, హీరోయిన్ దగ్గరికి పరిగెత్తాను, పనేమీ లేకపోయినా జనరేటర్ దగ్గరికి కూడా పరిగెత్తాను. చివరికి పడవ దగ్గరికొచ్చి, "అన్నా, పడవ మునగదు. సముద్రంలోకి పోతుంది, అంతే. కనపడకుండా పోవడమే మీ పాత్ర" అన్నాను.

"ఆ మాట ముందే చెప్పుంటే సింగపూరు దాకా పోయుందునే" అని ఆయన చొక్కా విప్పి భార్యకిచ్చి, దండతో సహా పడవను నీళ్ళలోకి తోయించాడు.

ఇక మిగిలింది హీరోయిన్. ఆమె "ఇంకా రాలేదు" అంటే బస్టాండు మైకులో రైట్ టైముకు రాని బస్సు గురించి చెప్పినట్టుంది. అక్క లేచి వచ్చి ఆమె గడ్డం పట్టుకుంది. "రాలేదు అంటే అయిపోయినట్టుండాది తల్లీ. రాలా అను. వస్తాడన్నట్టు అను."

కెమెరా తిరిగింది. పడవ చిన్నదై, చుక్కై, పోయింది. ఒడ్డున వల మడిచే హీరోయిన్‌ను అక్కే అడిగింది, "మీ ఆయన వచ్చినాడామ్మే?" హీరోయిన్ సముద్రం వైపైనా చూడకుండా, మడత సర్దుకుంటూ, "ఇంకా రాలా" అంది. ఒకే టేకు. డైరెక్టర్ కట్ చెప్పడం మర్చిపోతే నేను చెప్పాను. ఆ సంతోషంలో నేనేసిన గంతుకు తీరం ఒక అంగుళం కుంగి ఉంటుంది.

టీలు తాగాం, సామాన్లు సర్దాం. పడవ జాడ లేదు. ఆయనకు ఫోన్ చేస్తే అక్క చేతిలోని చొక్కా మోగింది. ఆమె నీళ్ళ అంచున నిలబడి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టి చూస్తోంది. నా గంతులన్నీ కాళ్ళలోనే చల్లబడ్డాయి.

"అన్న వచ్చినాడా అక్కా" అని అడిగాక గానీ నేనేం అడిగానో నాకు తెలియలేదు.

"ఇంకా రాలా" అని, నా మొహం చూసి నవ్వింది. "బయపడబాక నాయనా. పొమ్మన్నావు గానీ, ఎప్పుడు రావాలో ఆయనకు చెప్పలా గదా నువ్వు."

కాసేపటికి ఇంజను చప్పుడు వినపడింది. బంతిపూల దండ చెక్కుచెదరలేదు. ఆయన పడవలో నిటారుగా నిలబడి వస్తున్నాడు. ఒడ్డుకు దూకి, తడిసిన లుంగీ పిండుకుంటూ సూటిగా నా దగ్గరికొచ్చాడు.

"యాడన్నా కనపడినానా సార్?"

"చుక్క కూడా కనపడలా అన్నా."

ఆయన కొడవలూరు బంధువుల వైపు తిరిగాడు.

"ఇన్నారు గదా" అన్నాడు.