తాత వేస్తానన్న ఒక్క బంతి

దోస్తులారా, రిటైరవబోతున్న ఓ బౌలర్ గొప్పవాడా కాదా అని టీవీలో వాదించుకుంటుంటే, యాకుత్‌పురాలో మా బర్రెల కొట్టం, ఆ తడి తవుడు వాసన గుర్తొచ్చాయి. పందొమ్మిది వందల నలభైలలో మా తాత కొబ్బరినార చాప పరిచిన పిచ్ మీద స్పిన్ వేసేవాడట. పాలు పిండే వేళ్లు కదా, బంతి గిర్రున తిరిగేదట.

"ఎన్ని వికెట్లు తీసినవ్ తాతా?"

"ఎవలు రాసిర్రు బిడ్డా? ఆడినం, ఇంటికొచ్చినం."

"రాయకుంటే ఎవలు నమ్ముతరు?" అన్నాను, ఎనిమిదేళ్ల దాన్ని.

తాత నవ్వి, డబ్బాలోంచి పాత బంతి తీశాడు. "బ్యాట్ పట్టు. ఒక్క బాల్ ఏస్త, నువ్వే చూడు."

"నాకు హోంవర్కుంది," అని అబద్ధమాడాను.

తాత బంతిని ధోతికి తుడిచి డబ్బాలో పెట్టేశాడు. ఆ ఒక్క బంతీ ఆడి ఉంటే, తాత ఎంతటి బౌలరో చెప్పగలిగే మనిషి ఇవాళ ఒక్కరైనా మిగిలేవారు.